కారులో పసిబిడ్డ చోటు

సరస్సు నిండుగా నున్న దినములలో కొల్లేటికోటకు పడవమీదనో దోనెమీదనో పోవలసియుండెడిదని మన పెద్దలు చెప్పుదురు. దోనె యెక్కునపుడు నీటిసీమవారు పాటించు పద్ధతి యొకటి కలదు. ఎవరు ముందు కూర్చుండవలెనో, ఎవరు వెనుక కూర్చుండవలెనో దోనె నడపువాడే చెప్పును. పిల్లలను నడుమ, అడుగున కూర్చుండబెట్టించును. అంచున నిలుచుండి నీటికోళ్లను చూచెదనని పిల్లవాడు మారాము చేసినను వినడు. ఎంతటి సంపన్నుడైనను అతని మాటకు ఎదురు చెప్పడు. దోనె నెమ్మదిగా సాగుచున్నంతసేపు ఎవరెక్కడ నున్నను క్షేమమే. అది యొరిగిన క్షణమున మాత్రము ఎవరి చోటు వారిని కాపాడవలెను. ఆ చోటును ముందుగానే నిర్ణయించుకొనవలెను గాని, ఒరిగిన తరువాత వెదకుకొనుటకు వ్యవధి యుండదు.

ఇప్పుడు ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, భీమవరమునుండియు కుటుంబములు కారులలో బయలుదేరి కొల్లేటిసీమకు వచ్చుచున్నవి. ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మవారి జాతరకు వచ్చువారును, ఆటపాకలో గూడబాతులను పిల్లలకు చూపవచ్చువారును, పురుడు పోసుకొనిన కూతురిని పుట్టింటికి తీసికొనిపోవువారును ఈ దారులలోనే సాగుచుందురు. ఆ కారులలోనికి ఒక్కసారి చూడుడు. పసిబిడ్డ ముందుసీటులో తల్లి యొడిలో నుండును. లేదా తండ్రి తొడమీద కూర్చుండి స్టీరింగు పట్టుకొని మురియుచుండును. కొంచెము పెద్దపిల్లలు వెనుకసీటుమీద నిలుచుండి, ముందుసీట్ల నడుమనుండి తొంగిచూచుచుందురు. దోనెలో మనమొప్పుకొనని పనిని కారులో ఎందుకు ఒప్పుకొనుచున్నాము? కారునకు నాలుగు గోడలు, పైకప్పు ఉన్నవి గనుక లోపల నున్నవారందరు భద్రముగానే యున్నారని మన మనస్సు నమ్మును. ఆ నమ్మిక యెంతవరకు నిజము, పసిబిడ్డకు కారులో తగిన చోటు ఏది, ఆ విషయమున మన చట్టమేమి చెప్పుచున్నది అను మూడు సంగతులను విచారింతము.

మొదట వేగమును గూర్చి. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా మనకు మితమైన వేగమే. ఆ వేగమున కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకు పోవును. అట్టి కారు చెట్టునో, ఆగియున్న లారీనో ఢీకొన్నదనుకొందము. ఆగునది కారు మాత్రమే. లోపల నున్నవారు అదే వేగముతో ముందుకు పోవుచునే యుందురు. బెల్టు గాని, ముందున్న సీటు గాని, అద్దము గాని వారిని ఆపువరకు ఆ గమనము నిలువదు. ఈ వేగము దాదాపు 10 మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి, పడినవాడు నేలను తాకు వేగమునకు సమానము. మేడమీద పిట్టగోడ లేనిచోట బిడ్డను ఆడుకొననిచ్చు తల్లి యుండదు. కారులో ఆ యెత్తు కంటికి కనబడదు. అదియే చిక్కు.

ఇక బలమును గూర్చి. ఏడాది నిండిన బిడ్డ బరువు 10 కిలోలనుకొందము. ఆ వేగముతో పోవు బిడ్డను అరమీటరు దూరములో ఆపవలెనన్నచో కావలసిన బలము దాదాపు 200 కిలోల బరువునకు సమానము. మన గోదావరి మండలములలో ధాన్యపు బస్తా 75 కిలోలు తూగును. అనగా రెండున్నర బస్తాలకు పైబడిన భారము, సెకనులో పదియవ వంతైనను లేని వ్యవధిలో, తల్లి చేతులమీద పడును. కన్నతల్లి ప్రేమకు కొదువ లేదు. ఆమె ముంజేతులకు ఆ శక్తి లేదు. ఏ మల్లునికిని లేదు. పైగా, ఆమె బెల్టు పెట్టుకొననిచో ఆమెయే ముందునకు విసరివేయబడును. అప్పుడామె దేహమునకును ముందున్న పలకకును నడుమ నలిగిపోవునది యొడిలోని బిడ్డయే. తనతోపాటు బిడ్డనుగూడ ఒకే బెల్టులో చుట్టుకొనువారు కలరు. అది మరియు ప్రమాదకరము. తల్లి బరువంతయు బిడ్డమీద పడి, బెల్టు ఆ లేతపొట్టను నొక్కివేయును.

ముందుసీటునకు మరియొక దోషము కలదు. మన దేశమున 2019 జూలై 1వ తేదీనుండి డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. ముందుసీటులోని ప్రయాణికుని యెదుట గూడ ఎయిర్‌బ్యాగు ఉండవలెనను నియమము 2021లో వచ్చినది. ఇది పెద్దలకు మేలైన రక్ష. కాని ఆ సంచి రెప్పపాటులో పేలినట్లుగా ఉబ్బి ముందునకు వచ్చును. పెద్దవాని ఱొమ్మును ఆపుటకు ఏర్పరచిన ఆ తాకిడి, ఒడిలో నున్న పసివాని తలకు దెబ్బ యగును. కావున పిల్లలను వెనుకసీటులోనే కూర్చుండబెట్టవలెను. ముఖ్యముగా, వెనుకకు తిరిగియుండు శిశువుసీటును పనిచేయు ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడును అమర్చరాదు.

సీటు బెల్టు కథ మిక్కిలి పాతదేమియు గాదు. భుజముమీదుగాను, నడుముమీదుగాను పోయి మూడుచోట్ల నిలుచు నేటి బెల్టును స్వీడన్ దేశమునందలి వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ అను ఇంజనీరు రూపొందించెను. 1959లో అది కారులలో అమర్పబడెను. కాని అది పెద్దవాని కొలతకు కుట్టిన చొక్కా వంటిది. పసివానికి అది మెడమీదను, పొట్టమీదను పడును. పిల్లల దేహనిర్మాణమే వేరు. అప్పుడే పుట్టిన శిశువు పొడవులో నాల్గవ వంతు తలయే. ఆ బరువైన తలను మోయు మెడయెముకలు ఇంకను గట్టిపడక, కొంత మృదులాస్థిగానే యుండును. ముందునకు చూచుచు కూర్చున్న శిశువు ఢీకొన్నపుడు దేహము బెల్టువద్ద ఆగినను, తల ముందునకు లాగుకొనిపోవును. మెడ ఆ లాగుడునకు ఓర్వలేదు.

దీనికి ఉపాయము ఆలోచించినవాడు స్వీడన్ దేశీయుడే యైన ఆచార్య బెర్టిల్ ఆల్డ్‌మన్. అమెరికావారి జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు వెల్లకిల పరుండియుండి, పైకెగయునప్పటి ఒత్తిడిని వీపంతటితోను భరించు విధానమును చూచి, పిల్లలను గూడ వెనుకకు తిరిగి కూర్చుండబెట్టినచో మేలగునని ఆయన గ్రహించెను. 1964లో అట్టి సీటునకు నమూనా సిద్ధము చేసెను. కారు ఆగినపుడు శిశువు ముందునకు పడుటకు మారుగా, తల, మెడ, వీపు ఒక్కసారిగా సీటు వీపుమీద ఆనుకొనును. దెబ్బ ఒక్కచోట పడక దేహమంతట పంచబడును. శిశువుసీటు వెనుకకు ఎందుకు తిరిగియుండునో అర్థమైనచో, “బిడ్డ మొగము మాకు కనబడుటలేదు, ఇటు త్రిప్పుదము” అను తొందర మనకు కలుగదు.

సాధనమున్నంత మాత్రమున జనులు వాడరు గదా! అందుచేత చట్టము కావలసివచ్చినది. పిల్లల సీటును తప్పనిసరి చేసిన తొలి శాసనము అమెరికాలోని టెనెసీ రాష్ట్రమునందు పుట్టినది. డాక్టర్ రాబర్ట్ సాండర్స్ అను శిశువైద్యుడు పట్టుదలతో కృషి చేయగా 1977లో శాసనసభ దానిని ఆమోదించెను. 1978 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. అయితే ఆ శాసనమునందొక మినహాయింపును చేర్చిరి. పెద్దవారి చేతులలో నున్న బిడ్డకు సీటు అక్కరలేదని దాని యర్థము. తల్లి యొడి చాలునను నమ్మకము మనకు మాత్రమే యున్నది కాదని దీనివలన తెలియుచున్నది. ఆ నమ్మకమునకు పసివారి ప్రాణములు మూల్యముగా పోవుచున్నవని వైద్యులు మొరపెట్టగా, 1981లో ఆ మినహాయింపును తొలగించిరి. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొన్నవి.

పురిటికి సాయముగా అమెరికా వెళ్లివచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు మన గోదావరి జిల్లాలలో ఊరూర నున్నారు. వారినడిగినచో చెప్పుదురు: అచ్చట బిడ్డ పుట్టక మునుపే సీటు కొని కారులో బిగించియుంచుదురు; ఆసుపత్రినుండి ఇంటికి సాగు మొదటి ప్రయాణమే ఆ సీటులో జరుగును. కాని అదే కుటుంబము మనుమనితో స్వదేశమునకు వచ్చి గన్నవరము విమానాశ్రయములో దిగగానే, ఎదుర్కొనవచ్చిన తాతగారు చేతులు చాచుదురు. బిడ్డ ఆయన ఒడిలో ఏలూరు చేరును. దేశము మారెను గాని, ఆ బిడ్డ మెడ మారలేదు. జాతీయ రహదారిమీది వేగమును తగ్గలేదు.

ఇక మన చట్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమును పార్లమెంటు 2019లో సవరించినది. అప్పుడు చేర్చిన 194-బి విభాగము 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని సారాంశమిది: పదునాలుగేండ్లు నిండని బిడ్డను సీటు బెల్టుతో గాని, పిల్లల రక్షణకై ఏర్పరచిన సీటువంటి సాధనముతో గాని భద్రపరచకుండ వాహనమును నడిపినవారికి వేయి రూపాయల జరిమానా. నడిపినవాడే గాక, అట్లు నడిపించినవాడును, నడుపనిచ్చినవాడును బాధ్యులే. కావున కారు బాడుగకు తెచ్చినవారును, కారు యజమానియు “డ్రైవరు చూచుకొనును” అని తప్పించుకొనరాదు. బెల్టు పెట్టుకొనని ప్రయాణికులను ఎక్కించుకొని నడుపుటయు అదే విభాగము క్రింద వేయి రూపాయల శిక్షకు పాత్రమే.

ఈ విభాగములోని “బెల్టుతో గాని, సాధనముతో గాని” అను మాటలను జాగ్రత్తగా అర్థము చేసికొనవలెను. ఈ రెండింటిలో ఏది యైనను ఏ వయస్సునకైనను చాలునని దాని తాత్పర్యముగా తీసికొన్నచో నష్టపోవుదుము. ఆరునెలల శిశువునకు పెద్దల బెల్టు పట్టదు. పట్టినట్లు కనబడినను కాపాడదు. చట్టము అడిగినది కనీసము. బిడ్డకు కావలసినది దాని కొలతకు తగిన రక్షణ. మన దేశమున ఇట్టి సీట్ల నాణ్యమును నిర్ణయించుటకు ఏ.ఐ.ఎస్. 072 అను ప్రమాణము కలదు. ఐక్యరాజ్య సమితి వారి ఐరోపా ఆర్థిక సంఘము ఏర్పరచిన ఆర్ 44, దాని తరువాత 2013లో వచ్చిన ఆర్ 129 అను ప్రమాణములు గూడ ప్రసిద్ధములు. వీనిలో ఏదో యొక గుర్తు ఉన్న సీటునే కొనవలెను. రంగులు, బొమ్మలు చూచి గాని, మెత్తదనము చూచి గాని కొనరాదు. మరియొక మేలు గూడ జరిగినది. 2023 అక్టోబరు 1వ తేదీనుండి భారత్ ఎన్‌క్యాప్ అను పేర మన దేశముననే కారులను ఢీకొట్టించి పరీక్షించు పద్ధతి ఆరంభమైనది. అందు పెద్దల రక్షణకు వేరుగను, పిల్లల రక్షణకు వేరుగను నక్షత్రముల గుర్తులిచ్చుచున్నారు. కారు కొనువారు ధరను, మైలేజీని అడుగునట్లే, పిల్లల రక్షణకు ఎన్ని నక్షత్రములు వచ్చినవని గూడ అడుగవచ్చును.

ఏ వయస్సునకు ఏ సీటు? దీనిని మూడు మెట్లుగా జ్ఞాపకముంచుకొనవచ్చును. మొదటిది, వెనుకకు తిరిగియుండు సీటు. పుట్టిన దినమునుండి ఇది వాడవలెను. ఆర్ 129 ప్రమాణము ప్రకారము కనీసము 15 నెలలు నిండువరకు బిడ్డ వెనుకకే తిరిగియుండవలెను. సీటు ఎత్తుబరువులు ఒప్పినంతకాలము ఇంకను అట్లే ఉంచుట మేలని శిశువైద్యుల మాట. స్వీడన్‌లో నాలుగేండ్ల వరకు గూడ వెనుకకు త్రిప్పియుంచువారు పెక్కురు. రెండవ మెట్టు, ముందునకు చూచు సీటు. దీనికి రెండు భుజములమీదను, రెండు తుంటులవద్దను, కాళ్లనడుమను ఐదుచోట్ల నిలుచు పట్టీలుండును. మూడవది బూస్టరు. ఇది పిల్లవానిని ఎత్తునకు లేపు పీట వంటిది. దీనిమీద కూర్చున్నపుడు కారు బెల్టే అతనికి సరిగా పట్టును. ఈ పీట ఎంతవరకు? వయస్సు కంటె ఎత్తు ముఖ్యము. ఐరోపా దేశములలో కొన్నింట 135 సెంటీమీటర్ల వరకు, కొన్నింట 150 సెంటీమీటర్ల వరకు వాడవలెనని నియమము. ఇంటిలో పరీక్షించుకొను సులభమైన పద్ధతియు కలదు. పిల్లవాడు వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నపుడు మోకాళ్లు సీటు అంచువద్ద వంగవలెను. అడుగు బెల్టు పొట్టమీద గాక తుంటియెముకలమీద నిలువవలెను. పై బెల్టు మెడకు తగులక భుజము నడుమగా పోవలెను. ఈ మూడును కుదిరిననాడే పీట తీసివేయదగినది.

సీటు కొనుట సగము పని. బిగించుట మిగిలిన సగము. సరిగా బిగింపని సీటు, గుంజకు కట్టని పడవ వంటిది. మొదట కారుతో వచ్చిన పుస్తకమును, సీటుతో వచ్చిన పుస్తకమును రెండింటిని చదువవలెను. ఇటీవలి కారులలో పెక్కింట వెనుకసీటు మడతలో ఐసోఫిక్స్ అను ఇనుప కొక్కెములకు తగిన అమరిక యుండును. అది లేనిచోట కారు బెల్టుతోనే సీటును కట్టవలెను. బిగించిన పిమ్మట, బెల్టు పోవు చోట సీటును పట్టుకొని అటునిటు కదిపి చూడుడు. ఒక అంగుళమునకు మించి కదలినచో బిగువు చాలలేదన్నమాట. ముందునకు చూచు సీటునకు పైభాగమున మరియొక పట్టీ యున్నచో దానిని గూడ తప్పక తగిలింపవలెను. తల ముందునకు విసరిపోవు దూరము దానివలన తగ్గును.

తరువాత పట్టీలు. వెనుకకు తిరిగిన సీటులో భుజము పట్టీలు భుజము మట్టమునకో, దానికి కొంచెము దిగువకో ఉండవలెను. ముందునకు చూచు సీటులో భుజము మట్టమునకో, కొంచెము ఎగువకో ఉండవలెను. పట్టీ బిగించిన తరువాత మెడయెముకవద్ద బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను దానిని గిల్లి చూడుడు. పట్టీ మడతగా చేతికి వచ్చినచో వదులుగా నున్నట్లు. జాలిపడి వదులుచేయుట మన తల్లుల అలవాటు. ఆ వదులే ఢీకొన్నపుడు దెబ్బగా మారును. బిడ్డకు చలి యనుకొన్నచో ముందు పట్టీలు బిగించి పైన దుప్పటి కప్పవలెను గాని, మందమైన బొంతలో చుట్టి దానిమీద పట్టీలు బిగింపరాదు. ఒకసారి గట్టి ప్రమాదములో పాల్గొన్న సీటు పైకి చెక్కుచెదరనట్లే కనబడినను మరల వాడరాదు. పరిచయస్థులనుండి పాత సీటు తీసికొనునపుడు దాని చరిత్ర తెలిసికొనవలెను. దానిమీద ముద్రించిన గడువు దాటినదేమో చూడవలెను.

మన ఎండలను గూర్చి గూడ చెప్పవలెను. ఏలూరు రోహిణికార్తె సంగతి అందరెరిగినదే. ఎండలో నిలిపిన కారులో సీటు కొక్కెములు వాతపెట్టునంతగా కాగును. బిడ్డను కూర్చుండబెట్టుటకు ముందు చేతితో తాకి చూడవలెను. దిగిపోవునపుడు సీటుమీద తెల్లని గుడ్డ కప్పి పోవుట మంచిది. అన్నింటికంటె ముఖ్యము, బిడ్డ నిద్రపోవుచున్నది గదా యని మూసిన కారులో ఒంటరిగా విడిచి, “ఒక్క నిమిషము” అని దుకాణములోనికి పోరాదు. మూసిన కారులో పది నిమిషములలోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగును. శిశువు దేహము పెద్దవారికంటె త్వరగా కాగును. దూరప్రయాణమున రెండు గంటల కొకసారి కారు ఆపి, బిడ్డను సీటునుండి తీసి, పాలిచ్చి, ఒడిలో లాలించి మరల కూర్చుండబెట్టవలెను. ఒడి వలదని ఎవరనగలరు? ఆగిన కారులో ఒడియే స్వర్గము; సాగుచున్న కారులో మాత్రము దాని చోటు వేరు.

ఇక్కడ మన ప్రాంతమునకే ప్రత్యేకమైన ఆక్షేపణ యొకటి వినవచ్చును. “మా దారులు కాలువగట్ల వెంట పోవును. ఏలూరునుండి కైకలూరునకు పోవునపుడు ఇరుప్రక్కల కొల్లేరే. కారు నీటిలో పడినచో, బెల్టుతో కట్టిన పిల్ల బయటికి ఎట్లు వచ్చును? కట్టకపోవుటయే మేలు గదా!” అందురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాలువలలో కారులు పడిన వార్తలు మన డెల్టాలో వినుచునే యున్నాము. కాని కారు ఒడ్డుమీదినుండి నీటిలోనికి పోవుట యనగా ముందు పల్టీయో, గట్టి తాకిడియో జరుగుటయే. ఆ తాకిడికి కట్టులేని పిల్ల లోపలనే ఎగిరిపడి స్పృహ తప్పును. కట్టులేని పెద్దవారును అంతే. స్పృహలేనివానికి తెరచియున్న తలుపైనను దారి చూపదు. బెల్టు పెట్టుకొన్నవాడు స్పృహతో నుండును. స్పృహతో నున్నవాడు మీట నొక్కి బెల్టు విప్పుకొనును, బిడ్డను విప్పును. నీటిలో పడిన కారునుండి కట్టు మనలను ఆపదు. బయటపడుటకు కావలసిన తెలివిని నిలుపును.

అట్టి సమయమున చేయవలసినదేమో గూడ తెలిసికొనియుండుట మంచిది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమునందు ఆచార్య గోర్డన్ గీస్‌బ్రెక్ట్ నీట మునుగు కారులమీద అనేక పరీక్షలు చేసెను. నీటిలో పడిన కారు వెంటనే మునుగదు. సుమారు ఒక నిమిషము తేలును. ఆ నిమిషమే ప్రాణదాత. ఫోను చేయుచు దానిని పోగొట్టుకొనరాదు. బెల్టు విప్పుకొనుట, అద్దములు దించుట, పిల్లలను ముందు బయటికి పంపి వెంటనే తామును వెలువడుట – ఇదియే క్రమము. తలుపు తెరువ యత్నింపరాదు. నీటి ఒత్తిడివలన అది తెరచుకొనదు, తెరచుకొన్నచో నీరు ఒక్కుమ్మడిగా లోనికి వచ్చును. ప్రక్క అద్దము పగులగొట్టు చిన్న సుత్తియు, బెల్టు కోయు కత్తియు ఒకేదానిలో నున్న పనిముట్లు దొరకుచున్నవి. అట్టిది డ్రైవరు చేతికందు చోట నుంచుకొనుట కాలువసీమవారికి విహితము. పిల్లల సీటు కొక్కెమును విప్పుట ఇంటిలో పెద్దలందరును అభ్యసింపవలెను; చీకటిలో గూడ చేతికి తెలియవలెను.

మరికొన్ని సందేహములు. “ఊరిలోపలనే గదా, దగ్గరే గదా” అందురు. ప్రమాదము దూరము చూచి రాదు. 50 కిలోమీటర్ల వేగము ఊరిలోపలనే అందుకొనదగినది. “బిడ్డ ఏడ్చును” అందురు. మొదటిదినమునుండి అలవాటు చేసినచో కారనగా ఆ సీటే యని బిడ్డ నేర్చుకొనును. టీకా వేయించునపుడు గూడ బిడ్డ ఏడ్చును. ఏడ్చెనని మనము టీకా మానము. “వెల యెక్కువ” అందురు. కొన్నివేల రూపాయలగుట నిజమే. బారసాలకు బంగారపు ఉంగరములు, వెండిగిన్నెలు తెచ్చు మేనమామలు, మేనత్తలు కలిసి ఒక సీటు తెచ్చినచో ఆ కానుక బిడ్డకు ఏండ్ల తరబడి ఉపయోగపడును. బాడుగ కారు పిలుచువారు ముందుగానే వెనుకసీటు బెల్టులు పనిచేయుచున్నవో లేదో అడుగవలెను. పెక్కు కారులలో అవి సీటు కవర్ల క్రింద సమాధియై యుండును. వానిని పైకి తీయించుటకు పైసా ఖర్చు లేదు.

కారు లేనివారి సంగతి? మన ప్రాంతమున తండ్రి మోటారుసైకిలు నడుపగా ట్యాంకుమీద ఒక బిడ్డ, నడుమ ఒక బిడ్డ, వెనుక తల్లి – ఇది నిత్యదృశ్యము. దీనికిని నియమము వచ్చినది. 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడి, 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి అమలైన కేంద్ర నిబంధన ప్రకారము, నాలుగేండ్లలోపు బిడ్డను నడుపువానికి పట్టీలతో జతచేయు రక్షణ కవచము తొడుగవలెను. తొమ్మిదినెలలు దాటిన బిడ్డకు తలకు తగిన హెల్మెటు పెట్టవలెను. అట్టి బిడ్డ వెంటనున్నపుడు వేగము గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. నాలుగేండ్లు దాటినవారికి పెద్దలతో సమముగా హెల్మెటు ఉండవలసినదే.

ఈ శ్రమ యంతయు నిష్ఫలము కాదని లెక్కలు చెప్పుచున్నవి. పిల్లల సీటును సరిగా వాడినచో ప్రమాదములలో పసివారి మరణములు అరువది శాతము వరకు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా శాఖ లెక్క ప్రకారము, కారులలో ఏడాదిలోపు శిశువులకు మరణాపాయము 71 శాతము, ఒకటినుండి నాలుగేండ్లవారికి 54 శాతము తగ్గును. మన దేశమున 2022వ సంవత్సరమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. సీటు బెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,715 మంది. వారిలో 8,331 మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు. నడుపువాడు మాత్రమే బెల్టు పెట్టుకొన్నచో చాలునను భ్రమకు ఆ సగము మంది బలియైరి.

చట్టము వేయి రూపాయలు అడుగును. పోలీసువారు కనబడినపుడు బెల్టు లాగుకొని, వారు దాటిపోగానే వదలివేసినచో ఆ వేయి రూపాయలు మిగులవచ్చును. కాని బిడ్డకు చట్టము తెలియదు, జరిమానా తెలియదు, వేగము తెలియదు. ఎచ్చట కూర్చుండబెట్టిన అచ్చట కూర్చుండును. తన చోటును తాను కోరుకొనలేని ఆ ప్రాణికి చోటు నిర్ణయించు భారము మనది. కావున ఈ వారమే కారు వెనుకసీటు ఎత్తి చూడుడు. బెల్టులు పైకి తీయుడు. పిల్లవాని ఎత్తు, బరువు కొలిచి అతనికి తగిన సీటేదో తెలిసికొనుడు. తాళపుచెవి త్రిప్పుటకు ముందు, “పిల్లల కట్టు సరిగా నున్నదా?” అని అడుగుట ఇంటి ఆచారము కావలెను. ఆ ప్రశ్నకు అవునను సమాధానము వచ్చిన పిదపనే బండి కదలవలెను.